దవడ ఎముక రిపోర్టు ఎందుకు లేటవుతుంది?

గుట్కా, ఖైనీ అలవాటుతో నోట్లో పుట్టిన క్యాన్సర్ దవడ ఎముకలోకి పాకితే, ఆ ఎముక ముక్కను కోసి తీయాల్సి వస్తుంది. కోసిన అంచులో జబ్బు మిగిలిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కండ అయితే ఆపరేషన్ నడుస్తుండగానే చూస్తారు. ముక్కను మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద పెడతారు. ఫ్రోజెన్ సెక్షన్ అంటారు దీన్ని. అరగంట అటూ ఇటూగా సర్జన్‌కు కబురు వస్తుంది. గట్టి ఎముక దగ్గర ఇది నడవదు, ఆ బ్లేడుకు తెగదు. ముందు యాసిడ్‌లో నానబెట్టి కాల్షియం తీసేయాలి. దానికి రోజులు పడుతుంది. అందుకే సర్జన్ స్కాన్ చూసుకుని, గడ్డకు సుమారు ఒక సెంటీమీటరు అవతల కోస్తాడు. కొన్నిచోట్ల ఎముక లోపలి మూలుగను గీకి అప్పటికప్పుడు చూస్తారు. మంచి పద్ధతే, కాకపోతే పైనున్న గట్టి భాగం సంగతి అందులో తెలియదు.

కాబట్టి ఆపరేషన్ రోజు "అంచులు క్లియర్" అన్నారంటే, అది కండ గురించే కావచ్చు. ఎముక మాట ఫైనల్ రిపోర్టులోనే. జబ్బు మిగిలిందని తేలితే మళ్లీ ఆపరేషనో, రేడియేషనో. రేడియేషన్ అయితే మామూలుగా 6 వారాల్లోపు మొదలు కావాలి. లీవు అయిపోతోందని కుట్లు విప్పగానే ఫ్లైటెక్కితే ఆ వారాలు ఇక్కడ డ్యూటీలోనే పోతాయి. టికెట్ బుక్ చేసే ముందు ఒక్క మాట అడగండి: "ఎముక అంచు రిపోర్టు వచ్చిందా సార్?"