తీరం దాటిన తరువాత



హుద్‌హుద్ చూసిన ఊరికి తుపాను గాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న తుపాను కన్ను విశాఖ మీదుగానే లోపలికి వెళ్లింది. గంటకు సుమారు 185 కిలోమీటర్ల గాలి. మధ్యలో కాసేపు తెరిపినిచ్చింది. ఆ తరువాత గాలి దిక్కు మార్చుకుని మళ్లీ విరుచుకుపడింది. కాబట్టి తీరం దాటేదాకా జరిగే సంగతి మీకే వదిలేస్తాను. దాటాక తుపాను తెచ్చిన నీరు ఎక్కడికి పోతుంది, ఎవరి కరవు తీరుస్తుంది, ఎవరిది తీర్చదు అన్నదే ఈ రోజు నా విషయం. నా మాట ఒక్కటే. తుపాను గాలి తీరానికి తగులుతుంది, నీరు లోపలి జిల్లాలకు చేరుతుంది. గాలి నుంచి ప్రాణాలు కాపాడుకోవడం చాలావరకు నేర్చుకున్నాం. ఆ నీటిని అందుకోవడం ఇంకా నేర్చుకోవాలి.

తుపానుకు బలం వెచ్చటి సముద్రమే. నీటి ఆవిరి పైకెళ్లి మబ్బు కట్టేటప్పుడు విడుదలయ్యే వేడి దాన్ని నడిపిస్తుంది. నేల మీదకు రాగానే ఆ బలం తెగిపోతుంది. కొండలూ చెట్లూ ఇళ్లూ గాలిని నిలదొక్కుకోనివ్వవు. ఒకటి రెండు రోజుల్లో తుపాను వాయుగుండమై, వాయుగుండం అల్పపీడనమై తగ్గిపోతుంది. గాలి తగ్గినంత త్వరగా వాన తగ్గదు. తేమ నిండిన ఆ మబ్బు మరో మూడు నాలుగు రోజులు ప్రయాణం చేస్తుంది. కొండ అడ్డొచ్చినచోటో, ఇంకో గాలి ఎదురైనచోటో కుమ్మరిస్తుంది. హుద్‌హుద్‌నే తీసుకోండి. విశాఖను దాటిన రెండు రోజులకు దాని తేమ హిమాలయాలకు చేరి, నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచుగా కురిసింది. అక్కడ 40 మందికి పైగా చనిపోయారు.

గాలి వేగాన్ని బట్టి వానను అంచనా వేయలేమని 2020 అక్టోబరు చెప్పింది. 13వ తేదీ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే, తుపాను కూడా కాదు. గాలి గంటకు 55 నుంచి 65 కిలోమీటర్లు. అయినా ఆ రాత్రి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి, మూసీ పొంగింది.

గులాబ్ తుపానుది ఇంకా పెద్ద ప్రయాణం. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటి, విశాఖను వానలో ముంచి, తెలంగాణ మీదుగా మరాఠ్వాడా చేరింది. అక్కడి లాతూరు పట్టణం మీకు గుర్తుండే ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో తాగడానికి చుక్క లేక రైలు ట్యాంకర్లలో నీళ్లు తెప్పించుకున్న ఊరు. దానికి నీరిచ్చే మంజీరా జలాశయం అప్పట్లో ఎండిపోయింది. గులాబ్ వానలకు అదే జలాశయం నిండి, గేట్లు ఎత్తితే దిగువ పల్లెలు మునిగాయి. ఆ మబ్బు అక్కడితోనూ ఆగలేదు. అరేబియా సముద్రంలో దిగి, షహీన్ పేరుతో మళ్లీ తుపానై, అక్టోబరు 3న ఒమన్ తీరాన్ని తాకింది.

బంగాళాఖాతం ఊరుకుంటే ఏమవుతుందో 2002లో చూశాం. ఆ నైరుతి కాలంలో ఒక్క వాయుగుండమైనా పుట్టలేదు. దేశం మొత్తం మీద వర్షపాతం 19 శాతం తగ్గి, ఘోరమైన కరవు వచ్చింది. సముద్రంలో వాయుగుండాలు లేకపోతే లోపలి నేలకు తేమ మోసుకెళ్లే దారే చిక్కిపోతుంది.

తుపాన్లన్నీ వాన తెచ్చేవే అనుకోకూడదు. 2023 జూన్‌లో అరేబియా సముద్రంలోని బిపర్‌జాయ్ తేమను తనవైపు లాక్కుంది. రుతుపవనాలు ముందుకు కదలక, మన దగ్గర జూన్ మూడో వారంలోనూ వడగాడ్పులు వీచాయి.

మరి తుపాను వాన పడితే కరవు తీరినట్టేనా? 2009 సంగతి చూడండి. నైరుతి 22 శాతం లోటుతో ముగిసింది. 1972 తరువాత అంత లోటు అదే. ఆ సీజను ముగుస్తూనే అల్పపీడనం వచ్చింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. లెక్కల్లో వర్షపాతం కోలుకుంది. అప్పటికే ఎండిపోయిన పైరు మాత్రం కోలుకోలేదు.

అనంతపురం ఎర్రనేలలో వేరుశనగ రైతు జూన్, జులైల్లో విత్తుతాడు. ఆగస్టులో ఊడలు దిగే సమయానికి నేలలో పదును లేకపోతే ఊడ గట్టినేలలోకి దిగదు, కాయ పట్టదు. అక్టోబరులో తుపాను వాన వచ్చేసరికి చేను పీకే సమయం. ఉన్న కాయ మొలకెత్తుతుంది, కట్టె నల్లబడి పశువుకు మేతైనా మిగలదు. అదే వాన పక్కనున్న నల్లరేగడి రైతుకు వరం. ఆ పదును మీదే పప్పుశనగ వేసి, మంచుతో పంట తీస్తాడు. ఒకే తుపాను, ఒకే జిల్లా, రెండు నేలలకు రెండు రకాల ఫలితం.

ఈ విషయాన్ని శాస్త్రంగా చూపించినవారు మన ఊరివారే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు వి.పి. సుబ్రహ్మణ్యం గారు థార్న్‌త్‌వైట్ అనే శాస్త్రవేత్త పద్ధతిలో భారతదేశపు నీటి సమతుల్యతను లెక్కగట్టి 1956లో ప్రచురించారు. ఎంత కురిసిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. నేల ఎంత దాచుకుంది, ఎండ ఎంత తీసుకుంది, పంటకు ఏ వారంలో ఎంత కావాలి అన్నవి కలిపి చూడాలి. అది ఇంటి జమాఖర్చు లాంటిదే. ఏడాది ఆదాయం మొత్తం ఒక్క రోజున వచ్చిపడితే, దాచే చోటు లేని ఇంట్లో నెల తిరిగేసరికి అప్పు తప్పదు.

ఇది అనంతపురం గొడవ, మనకెందుకు అనుకోవద్దు. విశాఖ తాగే నీరు తాటిపూడి నుంచి, రైవాడ నుంచి, ఏలేరు నుంచి వస్తోంది. అవన్నీ తూర్పు కనుమల వాలు మీద కురిసే వానతో నిండేవే. ఉక్కు కర్మాగారపు కణితి జలాశయానికీ ఏలేరు కాలువే ఆధారం. కొలిమిని చల్లార్చే నీళ్లూ, మన కుళాయి నీళ్లూ లోపలి కొండల నుంచి రావలసిందే.

ఇక చేయవలసిన పనులు. మొదటిది హెచ్చరిక. రేవులో ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద సూచికలున్నాయి. ఏ నంబరు ఎగరేస్తే ఏం చేయాలో ఓడ సరంగుకు తెలుసు. మదనపల్లెలోనో మహబూబ్‌నగర్‌లోనో చెరువు కాపలాదారుకు కూడా అంత స్పష్టమైన సూచన కావాలి. వాతావరణ శాఖ ఇప్పుడు జిల్లాలవారీగా రంగుల హెచ్చరికలు ఇస్తోంది. ఆ రంగు చూసి ఏ తూము తెరవాలి, ఏ జలాశయంలో ముందుగా ఎంత ఖాళీ ఉంచాలి అన్నది ఊరూరా రాసిపెట్టుకోవాలి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పల్లెలు కొట్టుకుపోయాయి. కరవుకు పేరుపడ్డ జిల్లాలో నీరే ప్రాణాలు తీసింది.

రెండోది, సెప్టెంబరుకు ముందే వాగు కాలువల పూడిక తీయాలి, చెరువు కట్టలు చూసుకోవాలి, పొలంలో కుంటలు తవ్వాలి. ఎందుకంటే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఇకమీదట కురిసే రోజుల్లో మరింత కుండపోతగా కురుస్తుంది.

విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది, విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్ర విభాగం ఉంది, ఓడరేవు అనుభవం ఉంది. ఈ మూడూ కలిసి తుపాను తీరం దాటిన గంట నుంచి అది కరిగిపోయే గంట దాకా లోపలి జిల్లాలకు తోడు నిలవాలి. ఈ సభలో ఉన్న శాస్త్రవేత్తలనూ, ఇంజనీర్లనూ, అధికారులనూ నేను కోరేది అదే. వచ్చే సీజనుకు ముందే ఒక్క జిల్లాతోనైనా ఆ పని మొదలుపెట్టండి.