ఒకే పలుకు – రెండు అర్థాలు



తెలుగు, తమిళం ఒకే ద్రావిడ కుటుంబంలోని తోబుట్టువులు. తోబుట్టువుల ముఖాలు పోలియుండుట సహజం. ఆ పోలికను చూచి ఒకరిని పిలువగా మరొకరు పలుకుటయూ సహజమే. ఇంట తెలుగు, వీధిని తమిళం వినిపించే కోవిల్‌పట్టి, విరుదునగర్ కరిసల్ సీమలో ఇట్టి ముచ్చటలకు కొదవ లేదు.

కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సు ఎక్కబోయిన ఒక అవ్వతో కండక్టరు "ఎడమ్ ఇరుక్కు" అన్నాడట. చోటు ఉన్నదని అతని భావం. ఎడమవైపు ఇరుకని అవ్వకు తోచింది. "పరవాలేదు నాయనా, కుడివైపునే కూర్చుంటాను" అన్నదట.

కోవిల్‌పట్టి కడలై మిట్టాయి ప్రసిద్ధమైనది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అది వేరుశనగపప్పు పాకం. కడలి అనగా సముద్రమని తెలుగు వాచకంలో చదివిన పిల్లవాడు "సముద్రపు మిఠాయి ఉప్పగా ఉండదా?" అని అడిగితే నవ్వు వస్తుంది. కాని ఆ సందేహం నిరాధారం కాదు. తమిళంలో సముద్రం 'కడల్'. దానికి ద్వితీయా విభక్తి చేర్చితే అదియును 'కడలై' అగును!

తమిళంలో 'పసి' అనగా ఆకలి, తెలుగున పసిపాప. విరుదునగర్‌లో 1903లో జన్మించిన కామరాజ్, ముఖ్యమంత్రిగా పాఠశాలలలో మధ్యాహ్న భోజనాన్ని విస్తరింపజేసినప్పుడు ఆ రెండు అర్థాలూ ఒకే పంక్తిలో కూర్చున్నవి.

పొరపాటు పడిన బిడ్డను పరిహసించుట తగదు. రెండు భాషల నడుమ పెరిగినవానికి అది లోపం కాదు, సంపద. కోవిల్‌పట్టి సమీపాన ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, దక్షిణాదికి వలస వచ్చిన తెలుగువారి కథను తమిళంలో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు.

2006 నాటి చట్టం తమిళనాట ఒకటవ తరగతి మొదలుకొని క్రమంగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం నేర్వవలసినదే, అది అన్నం పెట్టే భాష. అయితే తెలుగు నోట మిగిలి, చేతివ్రాతలో మాయమగుచున్న ఇండ్లు ఎన్నో! 'కడలి' ఎరుగని బిడ్డకు 'కడలై' ఉత్త వేరుశనగ. వానికి ఆ నవ్వు అందదు.

తల్లిదండ్రులారా! ప్రతి సాయంత్రం ఇంట ఒక్క పుట తెలుగు చదివించండి. పొరపాట్లు దొర్లనీయండి. రెండు మాటలూ బ్రతికి ఉన్నప్పుడే కదా పొరపాటుకు తావుండేది!