అతిథికి దారి చూపుట
(అణైకట్ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పూర్వులు ఈ పాలారు ప్రాంతమునకు వచ్చినపుడు వారికి మొదట కావలసినది తల దాచుకొను చోటు. ఆ సంగతి మరువకయే మనము చిన్న వసతి గృహమును నడుపుచున్నాము. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రికి రోగులను తోడ్కొని వచ్చు తెలుగువారును, శ్రీపురము స్వర్ణ దేవాలయమును దర్శింప వచ్చువారును అందు దిగుచుందురు. వారికి మంచమును, నీళ్లను సమకూర్చితిమని తృప్తి పడుచున్నాము. కాని అర్ధరాత్రి నిప్పంటుకొన్నచో వారు ఏ దారిని బయటపడుదురో యోచించితిమా?

2022 సెప్టెంబరు 12వ తేది రాత్రి సికింద్రాబాదులో జరిగిన ఘోరము మీరెరుగుదురు. భవనము క్రింది భాగమున విద్యుత్ స్కూటర్ల అంగడి, పైన బసగదులు. క్రింద నిప్పు రేగెను. పొగ మెట్లదారిని పట్టి పై అంతస్తులకు ప్రాకెను. ఎనమండుగురు మరణించిరి. ప్రాణభీతిచే కొందరు కిటికీల నుండి దూకిరి. అంతకు ముందు 2020 ఆగస్టు 9న విజయవాడలో, కోవిడ్ రోగుల కొరకు తీసికొన్న హోటలున తెల్లవారుజామున మంటలు లేచి పదిమంది బలియైరి. వసతి గృహము కాకపోయినను, మన తమిళనాటనే 2004 జూలై 16న కుంభకోణము బడిలో 94 మంది పిల్లలు మరణించుట మనము మరువరానిది.

మంటకంటె ముందు పొగ చంపును. వేడి పొగ పైకి లేచును గనుక మెట్లదారి దానికి పొగగొట్టమగును. ఒక్క మెట్లదారియే యున్న ఇంటిలో, దిగవలసిన దారినే పొగ ఎక్కివచ్చును.

గృహస్థుడు తన యింటిలో చీకటిలోను నడువగలడు. అతిథి నిన్న సాయంకాలము వచ్చినవాడు. తమిళ అక్షరములు రానివాడు. ప్రక్కన నడువలేని రోగి గలవాడు. కనుక దారి వెదకు భారము అతనిది కాదు, మనది.

మన గృహమునకు వెనుక మెట్లు లేకపోలేదు. దొంగల భయముచే ఆ తలుపునకు తాళము వేసితిమి. మెట్లపై పెండ్లి గిన్నెలు, షామియానా గుడ్డలు, గోనె సంచులు చేరినవి. ఆ సంచులు మా అంగడివే. గోదాము అద్దె మిగులునని అచట వేయించితిమి, చెప్పుటకు సిగ్గగుచున్నది. గత మాసమున ఒక రాత్రి కరెంటు పోయినపుడు, ఒక వృద్ధురాలు ఆ తలుపును తడుముచు, "నాయనా, ఇది తెరుచుకోదా?" అని అడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

సంచులను రేపే తీయించెదము. తక్కిన పనులకు మీ అంగీకారము కావలెను. వెనుక తలుపునకు తాళము మాని, లోపలి నుండి చేతితో తీయదగిన గడియ అమర్చవలెను. ప్రతి అంతస్తున ఒక కిటికీ ఇనుప కమ్ములనైనను తెరచునట్లు చేయవలెను. మెట్లపై బ్యాటరీ దీపములు, పొగను పసిగట్టి మ్రోగు గంటలు, తెలుగున తమిళమున బాణపు గుర్తులు ఉండవలెను. మెట్ల క్రింద స్కూటర్లకు ఛార్జింగు పెట్టరాదు. గదులలో పొయ్యి వెలిగింపరాదు. పథ్యము వండుకొనువారికి వేరుగా వంటయిల్లు ఇయ్యవలెను. నిప్పార్పు సిలిండరు ముల్లు ఆకుపచ్చ గీతలో నున్నదో లేదో నెలకొకసారి చూడవలెను. కరెంటు మంటపై నీళ్లు పోయరాదు.

అతిథికి తాళపుచెవి ఇచ్చుటకు ముందే మేనేజరు రెండు దారులను నడచి చూపవలెను. పొగలో నేలకు వంగి ప్రాకుమనియు, దారి మూసికొనిపోయినచో గది తలుపు వేసి సందులలో తడిగుడ్డ కుక్కి కిటికీ కడ నుండి పిలువుమనియు, 101కి గాని 112కి గాని ఫోను చేయుమనియు చెప్పవలెను.

ముఖద్వారమునకు కమాను కట్టుటకు మనము కొంత నిధి కూర్చియున్నాము. చందా వ్రాసినవారిలో మేమును ఉన్నాము. ఆ ధనమును ముందుగా ఈ పనులకు వెచ్చింపవలెనని ప్రార్థించుచున్నాము. కమాను మరుసటి యేట కట్టుకొనవచ్చును. ఈ రాత్రియు మన యింట అతిథులు నిద్రించుచున్నారు.

సెలవు.