నూనె తేలని చేపల కూర



కర్నూలు, కడప వాళ్లం చేపల గురించి మాట్లాడితే కోస్తావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. సముద్రం మనకు దూరమే గాని తుంగభద్ర, కృష్ణ, పెన్న మనవే గదా! శ్రీశైలం జలాశయం చేపలు మన బజారుకు వస్తూనే వున్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా యింటాయనకు రక్తపోటు వచ్చి, డాక్టరుగారు నూనె, ఉప్పు రెండూ తగ్గించమన్నారు. మా అత్తగారేమో, "నూనె తేలకపోతే అదేం పులుసు మ్మే!" అన్నారు. ఇద్దరినీ ఒప్పించాలి. అదీ సాయంత్రం ఆరు దాటాక, పిల్లలు ఆకలో అంటుంటే.

మెక్సికో దేశపువాళ్లు టమేటో, మిరపకాయలను నూనె లేకుండా పెనం మీద కాల్చి నూరుతారు. దాంతో చేపలూ వండుతారు. మొక్కజొన్న రొట్టెల్ని పొరలుగా పేర్చి, పైన కూర పోసి మగ్గబెట్టడం కూడా వాళ్ల అలవాటే. మనం ఊరిబిండికి కాల్చుకోమా? మనకు జొన్నరొట్టె లేదా? అసలు మిరపకాయ మనకు వచ్చిందే ఆ దేశం వైపు నుంచి.

అరకిలో చేప చాలు. పిల్లలుంటే కొర్రమీను తీసుకోండి, ముళ్లు తక్కువ. బొచ్చె అయితే తోకవైపు ముక్కలు వద్దు. మొప్పలు ఎర్రగా వుండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఐసు పెట్టె మాత్రమే చూసి మోసపోకండి.

ముక్కలకు పసుపు, చిటికెడు ఉప్పు, అరచెక్క నిమ్మరసం పట్టించి పక్కన పెట్టండి. ఈలోగా నాలుగు టమేటోలు, ఆరు పచ్చిమిరపకాయలు, ఐదారు వెల్లుల్లి రెబ్బలు పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చండి. జీలకర్ర, ఒక్క చెంచా వేయించిన చెనిక్కాయల పొడి చేర్చి కచ్చాపచ్చాగా నూరండి. చెంచా ఒక్కటే సుమా, చెనిక్కాయలోనూ నూనే గదా! పులుపు, కాలిన వాసన వున్నచోట ఉప్పు తగ్గినా నాలుక్కు అంతగా తెలియదు.

ఒకటిన్నర చెంచా నూనెలో పెద్ద ఉల్లిగడ్డ తరుగు మగ్గించి, నూరినది, అరగ్లాసు నీళ్లు కలపండి. సగం తీసి పక్కన వుంచండి. సట్టి అడుగున వున్న సగం మీద నిన్నటి జొన్నరొట్టె ముక్కలు పరచండి. మెత్తటి రొట్టె వేస్తే సంగటి అయిపోతుంది, నాకు మొదటిసారి అదే అయింది. పెనం మీద కరకరలాడేదాకా కాల్చి వేయండి. ఆపైన చేప, దానిపైన మిగతా సగం. మూతపెట్టి సన్నమంట మీద పావుగంట. గరిటె పెట్టొద్దు, సట్టినే అటూ ఇటూ కదపండి. ముక్క పొరలుగా విడిపోతే దించి కొత్తిమీర చల్లండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు పడదు.

మా అత్తగారు రెండోసారి వడ్డించుకున్నారు. పులుసని మాత్రం యిప్పటికీ అనరు, "రొట్టె కూర" అంటారు.