పాత యెజ్డీకి క్రాంకు మార్చేటప్పుడు

(యూనియన్ హాలులో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల్లో ఇంకా కొందరు జావా, యెజ్డీ బండ్ల మీదనే షిఫ్టుకు వస్తున్నారు. మైసూరులో వాటిని తయారుచేసిన ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వాటికి వచ్చే రోగాల్లో అన్నిటికన్నా ఖర్చయినది క్రాంకు పోవడం. దాని గురించి చెప్పమని మీరే అడిగారు.

క్రాంకు మనకు కొత్తది కాదు. షటిల్ మగ్గంలో మోటారు క్రాంకును తిప్పుతుంది, క్రాంకు స్లేను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. బండిలో ఇదే తలకిందులు. పిస్టను ఆడితే క్రాంకు తిరుగుతుంది. మగ్గం క్రాంకు ఒకే కడ్డీని వంచి చేసింది. యెజ్డీది అలా కాదు. రెండు బరువైన చక్రాలు, వాటి నడుమ పిన్ను, పిన్ను మీద రోలర్ బేరింగు, దానిమీద కనెక్టింగు రాడ్డు. అంతా ప్రెస్సులో నొక్కి బిగించినదే. విప్పడానికి బోల్టంటూ లేదు.

ముందు అసలు పోయిందా లేదా చూడండి. సిలిండరు తీసి, పిస్టనును పై కొసకు తెచ్చి, రాడ్డును పట్టుకొని పైకీ కిందికీ లాగండి. పక్కలకు కొద్దిగా కదిలితే తప్పు లేదు, అది ఉండవలసిందే. పైకీ కిందికీ టకటకమంటే బేరింగు అయిపోయినట్టే.

ఎందుకు పోయింది? ఇది అడగకుండా కొత్తది వేయడం దండగ. మగ్గానికి ఆయిలర్ వచ్చి నూనె పోస్తాడు. ఈ ఇంజనుకు పెట్రోలే ఆయిలర్. 25కి 1 పాళ్ళు అంటే లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు. పొగ ఎక్కువ వస్తోందని దాన్ని సగం చేసేవాళ్ళున్నారు. అలా మిగిల్చిన ఆయిలు డబ్బుకు ఎన్నో రెట్లు క్రాంకుకు పెట్టాలి. రెండో దొంగ ఆయిలు సీలు. డైనమో వైపు సీలు గట్టిపడితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది, మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. క్లచ్చి వైపుది పోతే గేరుబాక్సు ఆయిలు లోపలికి పోయి, తెల్లటి పొగ, రోజురోజుకూ గేరాయిలు తగ్గడం.

మొన్న మన రింగు ఫ్రేము తమ్ముడి బండి తెరిచి చూశాం. ఒక షాపులో కొత్త క్రాంకు వేసి రెండు నెలలు కాలేదు. సీళ్ళు మాత్రం పాతవే, గోరు గుచ్చితే దిగనంత గట్టిగా ఉన్నాయి. పైగా షాఫ్టు కొసన సుత్తి దెబ్బల గుర్తులు. ఆ బండి లేక నాలుగు షిఫ్టుల జీతం పోయింది అతనికి.

షాపువాడు క్రాంకు మొత్తం మార్చాలంటే వెంటనే ఒప్పుకోకండి. షాఫ్టు కొసల్లో మరలు, కీ గాడి బాగుండి, పిన్ను దూరే రంధ్రాలు సాగకపోతే, మీ చక్రాలే ఉంచుకొని రాడ్డు, పిన్ను, బేరింగు కొత్తవి వేయించవచ్చు. ఊరూ పేరూ లేని తయారీ కన్నా అసలు చక్రాలే మేలని మా అభిప్రాయం. రంధ్రం సాగితే పిన్నుకు వెల్డింగు టాకా వేస్తామంటారు. వద్దనండి. తర్వాత దాన్ని విప్పేవాడే ఉండడు.

నొక్కి బిగించాక అసలు పని మొదలు. రెండు షాఫ్టులూ ఒకే గీతలో ఉండాలి. సెంటర్ల మీద పెట్టి, డయల్ గేజి ఆనించి మెల్లగా తిప్పాలి. ముల్లు మిల్లీమీటరులో మూడు వందో వంతులలోపు కదిలితే సంతోషం, అయిదు దాటితే మళ్ళీ సరిచేయవలసిందే. సరిచేసేది రాగి సుత్తితో, అదీ చక్రం అంచు మీదనే. ఒక దెబ్బ, ఒక కొలత. మన వర్క్‌షాపు టర్నర్లకు ఈ ఓపిక బాగా తెలుసు. రెడీమేడుగా కొన్న క్రాంకును కూడా ఇలా చూడకుండా లోపల పెట్టకూడదు.

కేసులో బేరింగులు దించడానికి అల్యూమినియం కేసును నూరు డిగ్రీల దాకా వేడిచేస్తే చాలు, బేరింగు తనంతట తానే జారుతుంది. సీళ్ళు రెండూ కొత్తవి, గడ్జన్ పిన్ను క్లిప్పులు కొత్తవి. పాత క్లిప్పు ఊడితే సిలిండరు గీసుకుపోతుంది.

పని అప్పగించేటప్పుడు రెండు మాటలు ముందే చెప్పండి: డయల్ గేజి కొలత నా కళ్ళ ముందు చూపించాలి, తీసిన పాత సామాను నాకే ఇవ్వాలి. గేజి లేదనే షాపుకు క్రాంకు ఇవ్వకండి. మన సభ్యుల్లో రిటైరైన టర్నర్లు ఇద్దరు ఆదివారాలు చూసిపెడతామన్నారు. క్రాంకును కిరసనాయిలుతో కడిగి తీసుకురండి.