నూనెలో బుడగ, షెడ్డులో పొగ
(తిరునిన్రవూరు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మిల్లు కార్మికుల సభలో స్పార్క్ మెషీను గొడవ ఎందుకని కొందరు అడిగారు. పొద్దున్నే మన స్టేషనులో అంబత్తూరు వైపు లోకల్ ఎక్కే పిల్లల్ని చూడండి. వాళ్లలో మన మిల్లు కార్మికుల బిడ్డలూ ఉన్నారు. మనం నూలు దగ్గర నిలబడితే, వాళ్లు డైలు చేసే షాపుల్లో నిలబడుతున్నారు. దూది ధూళి గురించి అడిగిన మనమే వాళ్ల పొగ గురించీ అడగాలి. అడగాలంటే ముందు ఆ పని తెలియాలి.

ఈ పద్ధతిని 1943లో సోవియట్ యూనియన్‌లో బోరిస్, నటాల్యా లజరెంకో దంపతులు కనిపెట్టారు. స్పార్కు వల్ల కాంటాక్టులు అరిగిపోతుంటే ఆపాలని మొదలుపెట్టి, ఆ అరుగుదలనే పనిముట్టు చేశారు.

రాగి ఎలక్ట్రోడు, ఉక్కు జాబు నూనెలో మునిగి ఉంటాయి. రెండింటి మధ్య సందు వెంట్రుకంత. అందులో స్పార్కు పడినచోట వేడి 8,000 నుంచి 12,000 డిగ్రీలు. ఉక్కు 1,500 దగ్గరే కరుగుతుంది. చుట్టూ ఉన్న నూనె ఆవిరై బుడగ లేస్తుంది. ఆ బుడగ ఒత్తిడి మొదట కరిగిన లోహాన్ని అదిమి పెడుతుంది. కరెంటు ఆగగానే ఒత్తిడి తగ్గి, లోహం మరిగి చిమ్ముతుందని చాలాకాలం చెప్పారు. స్పార్కు నడుస్తుండగానే రేణువులు ఎగరడం తర్వాత హైస్పీడు కెమెరాల్లో కనబడింది. ఏదైనా, కరిగినదంతా బయటికి పోదు. మిగిలింది అక్కడే గడ్డకట్టి గట్టి తెల్లపొర అవుతుంది. పాలిష్ పట్టే కుర్రవాడికి దాని సంగతి బాగా తెలుసు.

బుడగ పెరిగి కుంగుతూ సందులోని మడ్డిని కూడా బయటికి తోస్తుంది. గుంట లోతైతే మడ్డి, గ్యాసు లోపలే చిక్కుకుంటాయి. స్పార్కు ఒకేచోట పట్టుకుని జాబు పాడవుతుంది. తిట్లు మాత్రం ఆపరేటరుకు! ఎలక్ట్రోడును తరచూ పైకెత్తాలి, నూనె ధారగా కొట్టాలి. అందుకు టైము ఇవ్వకుండా ఆంపియర్లు పెంచమంటే బుడగలు పెద్దవవుతాయి, పొగ పెరుగుతుంది.

ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజను, నూనె ఆవిరి, మసి. పైన నూనె తగినంత లోతు ఉంటే అవి చల్లబడి వస్తాయి. జాబు కనబడాలనో, నూనె ఆదా అనో మట్టం తగ్గిస్తే నిప్పు గాలిని తాకుతుంది. మట్టం తగ్గితే మెషీనును ఆపే ఫ్లోటు స్విచ్చిని తీగతో కట్టేయడం నేరమే అంటాం మేము. కొన్నిచోట్ల ఈడీఎం ఆయిలు బదులు కిరోసిన్ పోస్తారు. దాని ఆవిరి 40 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మే నెలలో మన రేకుల షెడ్ల వేడి ఎంతో మీకే తెలుసు.

పొగ పుట్టినచోటే లాగేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షనులోనే రాశారు. అయితే పవరుతో నడిచేచోట పదిమంది ఉంటేనే ఆ చట్టం వర్తించేది. 2020 నాటి కోడు ఫ్యాక్టరీ అనడానికి ఆ సంఖ్యను ఇరవై చేసింది. నలుగురైదుగురు పనిచేసే షాపుకు దిక్కెవరు? మన ఊళ్లో పూసలార్ నాయనారు మనసులోనే గుడి కట్టాడట. ఎగ్జాస్ట్ ఫ్యాను మనసులో కడితే పొగ పోదు కదా!

మీ పిల్లల్ని ఇవాళే అడగండి: ట్యాంకులో పోసేది ఏ నూనె, మట్టం ఎంత, ఫ్లోటు పనిచేస్తుందా, ఫ్యాను ఉందా. చీటీ మీద రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. పిల్లవాడి పేరు రాయనక్కరలేదు, షాపు పేరు చాలు. యజమానితో మాట్లాడటానికి మేము వెళ్తాం.