పొయ్యి వెలిగింపని పండుగ వంటకము



పండుగనాడు పదిమంది తెలుగువారు కూడిన యింట సాధారణముగా రెండు సభలు జరుగుచుండును. ముందు గదిలో పద్యములు, పాటలు, పిల్లల యేకపాత్రలు సాగును. వెనుక గదిలో గారెలు వేగును, పులిహోర కలుపుదురు, పాయసము కాగును. రెండవ సభలోనివారు మొదటి సభను గోడ కవతలనుండి విందురేగాని కన్నులార చూడరు. అతిథులందరు భోజనము ముగించిన పిదప వారు చేతులు తుడుచుకొని వచ్చుసరికి వందన సమర్పణము కూడ ముగియును. భాషను, సంస్కృతిని నిలుపుకొనుటకై యేర్పడిన కూటములలో, ఆ భాషను పిల్లలకు తొలుత నేర్పిన తల్లులకే చోటు లేకపోవుట చిన్న లోపము కాదు.

ఈ లోపమును పూర్తిగా తీర్చగల వంటకము లేదు. కొంత తీర్చునది మాత్రము కలదు. పండ్లు, మిఠాయి, గట్టి పెరుగు కలిపి, నిప్పుతో నిమిత్తము లేక సిద్ధపరచు తీపి పదార్థమే యది. దానిని ఎచట, ఎట్లు, ఏ జాగ్రత్తలతో చేయవలయునో వివరించుటయే నేటి ప్రసంగ విషయము.

ఇందుకు జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్ తగిన యుదాహరణము. సాక్చీ గ్రామమున 1908లో నిర్మాణ మారంభమైన ఉక్కు కర్మాగారము 1912లో తొలి ఉక్కును పోసెను. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేర జంషెడ్‌పూర్ అను నామము కలిగెను. 1945లో టెల్కో నెలకొనెను. ఈ పరిశ్రమలను నమ్ముకొని శ్రీకాకుళము, విజయనగరము మొదలగు ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు అచటికి తరలిపోయెను. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము ఆ వలసకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది. బిర్సానగర్ అను పేరు, 1875లో జన్మించి 1900లో రాంచీ చెరసాలలో అసువులు బాసిన బిర్సా ముండాను స్మరింపజేయును. ఆ ప్రాంతపు వీధులలో హిందీ, బంగాళీ, ఒడియా, సంతాలీ, హో భాషలు వినబడును. వానినడుమ తెలుగు ఇంటిలోపలి భాష.

బిర్సానగర్‌లోని తెలుగు కుటుంబమునకు నిప్పులేని పండుగ వంటకము కొత్త కాదు. ఇరుగుపొరుగువారు మకర సంక్రాంతినాడు 'దహీ చూడా' భుజింతురు. అనగా అటుకులు, పెరుగు, బెల్లము. దానితోడుగా తిల్‌కుట్ ఉండును. నువ్వులను బెల్లముతోగాని చక్కెరతోగాని కలిపి దంచి బిళ్లలుగా చేయు ఈ మిఠాయికి గయ పట్టణము పేరెన్నికగన్నది. అదే దినములలో సింగ్‌భూమ్ పల్లెలలో టుసు పండుగ జరుగును. అటుకులు, పెరుగు, నువ్వులు, బెల్లము తెలుగువారికి చిరపరిచితములే. పొరుగువారి పళ్లెములోని వస్తువులు తెలుగింటి అటకమీదను ఉన్నవి. కలిపెడి తీరు మాత్రమే వేరు.

తెలుగువారి సంప్రదాయములోను ఇట్టి పదార్థములు తక్కువ కావు. శ్రీరామనవమినాటి పానకమునకు, వడపప్పునకు పొయ్యితో పని లేదు. దేవాలయములలోని పంచామృతమునకును లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పళని పంచామృతము అరటిపండ్లు, బెల్లము, నెయ్యి, తేనె, ఏలకులతో చేయబడును. ఖర్జూరములు, పటికబెల్లము కూడ చేర్తురు. పండును మిఠాయిని కలుపుట యను ఆలోచనకు ఇంతకంటె ప్రసిద్ధమైన దృష్టాంతము దక్షిణ దేశమున కనబడదు.

సముద్రముల కవతలను ఇదే కోరిక ఇంకొక రూపము దాల్చినది. అమెరికాలో నారింజ తొనలు, కొబ్బరి తురుము, చక్కెర పొరలు పొరలుగా పేర్చి 'ఆంబ్రోసియా' అని పిలిచిరి. ఆ పేరు గ్రీకు దేవతల ఆహారముది. సంస్కృతములోని 'అమృత' శబ్దమునకును దానికిని మూలమొక్కటియే. ఆ దేశపు మధ్య పశ్చిమ రాష్ట్రములలో ఆపిల్ ముక్కలకు 1930లో వెలువడిన స్నికర్స్ అను వేరుసెనగల చాకొలెట్టు ముక్కలను, చిలికిన మీగడను చేర్చి, చర్చి విందులకు పెద్ద గిన్నెలతో కొనిపోవుదురు. ఒకరు మోసికొనిపోయి పదిమందికి వడ్డింపదగిన వంటకము సర్వత్ర గృహిణుల అవసరమే యని దీనివలన తెలియుచున్నది.

ఇక విధానము. బిర్సానగర్‌లో సంక్రాంతి కూటమికి ఇరువదియైదుగురు వత్తురనుకొనుడు. రెండు లీటర్ల పెరుగును పలుచని శుభ్రమైన బట్టలో మూటగట్టి, చల్లనిచోట నాలుగు గంటలు వ్రేలాడదీయవలయును. నీరు దిగిపోయి సుమారొక కిలో గట్టి పెరుగు మిగులును. అరటి, ఆపిల్, జామ, కమలా, దానిమ్మ, గింజ తీసిన రేగుపండ్లు కలిసి రెండున్నర కిలోల ముక్కలు కావలయును. మూడువందల గ్రాముల తిల్‌కుట్, నూరు గ్రాముల ఎండుద్రాక్ష, నూరు గ్రాముల సారపప్పు సమకూర్చుకొనవలయును. ఈ సారపప్పు ఛోటా నాగపూర్ అడవుల పంటయే. అక్కడివారు దీనిని చిరౌంజీ యందురు. నాలుగు ఏలకులు, రెండు నిమ్మకాయలు చాలును. మొత్తము నాలుగు కిలోలగును. మనిషికి ఒక చిన్న గిన్నెడు చొప్పున సరిపోవును.

వస్తువులకంటె వాని వరుస ముఖ్యము. ఆపిల్, అరటి, జామ ముక్కలు గాలి తగిలిన కొలదిసేపటికే నల్లబడును. నిమ్మరసములోని పులుపు ఆ మార్పును మందగింపజేయును. కావున కోసినవెంటనే ముక్కలకు నిమ్మరసము పట్టింపవలయును. తీపి తగిలిన పండు తన రసమును వెలుపలికి విడుచును. ముందుగనే మిఠాయి కలిపినచో గంటలోపల గిన్నె అడుగున నీరు చేరును. తిల్‌కుట్ తన కరకరను కోల్పోయి ముద్దయగును. కనుక పెరుగు, ఏలకుల పొడి, పండ్లు ముందుగా కలిపి చల్లగా నుంచి, తిల్‌కుట్‌ను చేతితో నలిపి వడ్డనకు ముందు మాత్రమే చల్లవలయును. అప్పుడు పండు పండుగను, నువ్వు నువ్వుగను నాలుకకు తెలియును.

పచ్చి అనాసను, పచ్చి బొప్పాయిని, కివీ పండును పెరుగుతోగాని పాలతోగాని కలిపి యుంచరాదు. వానియందు మాంసకృత్తులను విడగొట్టు ద్రవ్యములు కలవు. అవి పాల మాంసకృత్తులను కరగించి చేదు పుట్టించును. అనాసయే కావలెనన్న డబ్బాలోనిది వాడవచ్చును. వేడి తగులుటచే దానియందలి ఆ శక్తి నశించియుండును. బొప్పాయికాయను చక్కెర పాకములో నానబెట్టి చేసిన టూటీ ఫ్రూటీ వలనను భయము లేదు. అంగడినుండి జెల్లీ మిఠాయిలు, మార్ష్‌మాలోలు తెచ్చువారు పొట్లముపై నున్న ఆకుపచ్చ చుక్కను చూడవలయును. అనేకములందు జెలటిన్ ఉండును. అది జంతువుల చర్మము, ఎముకలనుండి తీయబడునది. శాకాహారులైన అతిథులకు తెలియకుండ వడ్డించుట మర్యాద కాదు.

అగ్ని తగలని పదార్థమునకు శుచియే రక్ష. పండ్లను తొక్క తీయుటకు ముందే కడుగవలయును. కత్తి, పలక, చేతులు శుభ్రముగా నుండవలయును. కోసిన పండ్లను, పెరుగును బయట రెండు గంటలకు మించి యుంచరాదు. ఎండ ముప్పదిరెండు డిగ్రీలు దాటిన దినములలో ఒక గంటయే గడువు. జంషెడ్‌పూర్ వేసవి నలుబది డిగ్రీలు దాటుట కలదు. అట్టి దినములలో పెరుగు మాని, మామిడి, లిచీ ముక్కలను మంచుగడ్డల నడుమ గిన్నెలో నుంచి వడ్డించుట మేలు. పసిపిల్లలకు ద్రాక్షపండ్లను నిలువుగా చీల్చి యీయవలయును. ఏడాది నిండని శిశువునకు తేనె పెట్టరాదు. మధుమేహమున్న పెద్దలకొరకు తిల్‌కుట్‌ను వేరొక పాత్రలో నుంచినచో ఎవరును నోరు తెరచి తమ రోగమును చెప్పుకొనవలసిన పని యుండదు.

ఈ వంటకమున మరొక గుణము కలదు. సలసల కాగు నూనె దరికి పిల్లలను రానీయరు. పండ్ల బల్లవద్దకు రానీయవచ్చును. బిర్సానగర్ పిల్లలు బడిలో హిందీని, ఇంగ్లీషును చదువుకొందురు. సంతలో అమరూద్, అనార్, బేర్ అను మాటలు విందురు. ఆ పండ్లకు జామ, దానిమ్మ, రేగు అను పేర్లు కలవని వారికి పుస్తకము చెప్పినను నిలువదు. దానిమ్మ గింజలు వొలుచుచు, "ఇంకొక జామకాయ యందీయుము, నాయనా" యని అమ్మమ్మ చెప్పగా విన్నమాట నిలుచును. భోగినాడు తన తలపై పోసిన పండ్లే రేగుపండ్లని యెరిగిన బిడ్డ వాని పేరును తేలికగా మరువదు. పొరుగింటి బిడ్డ వచ్చి అదే పండును బేర్ అని పిలిచినచో తప్పు దిద్ద నక్కరలేదు. రెండు మాటలును నేర్చికొందురు.

కొందరు, "గారెలు లేని పండుగ పండుగా?" యని యడుగవచ్చును. గారెలను మానుమని యెవ్వరును చెప్పుట లేదు. ఇంటిలోని పండుగకు అరిసెలు, గారెలు ఉండవలసినవే. సంఘపు కూటమికి మాత్రము నలుగురు స్త్రీలు నాలుగు గంటలు పొగలో నిలువవలసిన యేర్పాటు ధర్మమా యని కార్యవర్గమువారు ఆలోచింపవలయును. పండ్లు తెచ్చు పని పురుషులు చేయగలరు. కోయు పనియు చేయగలరు. కొలతలు తెలిసిన వంటకమునకు అనుభవము లేదను సాకు చెల్లదు.

కావున రాబోవు కూటమికి పిలుపు పంపునప్పుడు, ఏ కుటుంబము ఏ పండు తేవలయునో అందులోనే వ్రాయుడు. ఒకరికి అరటి, ఒకరికి కమలా, ఒకరికి తిల్‌కుట్. పెరుగు మూటను ఉదయముననే కట్టుడు. సభ ప్రారంభమునకు అరగంట ముందు అందరును కూర్చుండి కోసి కలుపుడు. పిదప గిన్నెపై మూత వేసి చల్లగా నుంచి, అందరును ముందు గదిలోనికి వచ్చి కూర్చుండుడు. కార్యక్రమ మొక గంటకు మించినచో మధ్యలోనే విరామమిచ్చి వడ్డింపుడు. తిల్‌కుట్ చల్లు పని సభలో అందరికంటె చిన్నవారి కప్పగింపుడు.